నాన్నగారి 1976 డైరీ: పారేయాలా, చదవాలా?

ఈసారి ఒకే ఒక్క ఉత్తరం. హైదరాబాద్ నుంచి 55 ఏళ్ల బ్యాంకు ఉద్యోగిని ఒకరు రాశారు. పదకొండు పేజీలు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, కుదిరినంత వరకు ఆవిడ మాటల్లోనే చెబుతాను.

ఆవిడ చిన్నతనం ఢిల్లీలో గడిచింది. నాన్నగారు కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమస్తా, ఆర్.కె.పురం క్వార్టర్స్‌లో ఇల్లు. "ఆ ఢిల్లీ అంటే నాకు ప్రాణం. రోడ్లు కడిగినట్టు ఉండేవి. బస్సు టైముకి వచ్చేది. నాన్న సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉండేవారు. మా బ్లాకు ముందు వేపచెట్టు కింద ఒకతను ఇస్త్రీ బండి పెట్టుకునేవాడు. అతను బట్ట మీద నీళ్లు చిలకరించి బొగ్గుల పెట్టె ఆనించగానే చుయ్‌మని ఆవిరి లేచేది, అది చూడ్డానికి నేను గంటలు గంటలు నిలబడేదాన్ని. అతని రెండేళ్ల పాప బట్టల మూటల మధ్య పడుకుని నిద్రపోయేది."

పోయిన నెల భోజనాల దగ్గర ఆవిడ కొడుకు, బీటెక్ ఆఖరి సంవత్సరం, తాతగారితో అన్నాడట: "ఎమర్జెన్సీని అందరూ తిడతారు గానీ తాతయ్యా, రైళ్లు టైముకి నడిచేవట, లంచం అడగాలంటే భయపడేవాళ్లట, అలాంటిది ఒక రెండేళ్లు మళ్లీ వస్తే దేశం బాగుపడుతుంది." పెద్దాయనకి 80 ఏళ్లు. పెరుగన్నం కలిపిన చేత్తో కాసేపు అలాగే కూర్చుని, కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయారు. రాత్రి రెండింటికి ఆయన గదిలో లైటు వెలుగుతుంటే ఈవిడ వెళ్లి చూశారు. ఒళ్లో ఒక పాకెట్ డైరీ. 1976ది, ఇందిరాగాంధీ పెట్టిన ఎమర్జెన్సీ నడుస్తున్న ఏడాదిది.

ఆ రాత్రి ఆయన చెప్పింది ఇది. ఆ ఏడాది ఆఫీసులో ప్రతి గుమస్తా ఇద్దరిని కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి తీసుకురావాలన్నారు. తేలేకపోతే ఇంక్రిమెంట్ ఆగుతుంది. ఈయన ప్రమోషన్ ఫైలు అప్పుడే పైన ఉంది. "నీకు ఒక్కతే కూతురు కదా, నిన్ను చేయించుకోమనను, మనుషుల్ని తీసుకురా" అన్నాడట సూపరింటెండెంట్. ఒక కేసు ఎలాగో దొరికింది. రెండో మనిషి ఆ ఇస్త్రీ అతను. అతని గుడిసె ఆ వేసవిలోనే కూల్చేసి, యమున అవతల 25 గజాల జాగా చూపించారు, రోజూ రెండు బస్సులు మారి వచ్చి బండి నడుపుకుంటున్నాడు. ఆపరేషన్ సర్టిఫికెట్ ఉంటే జాగా కాగితం చేతికొస్తుందని అక్కడ అందరూ అంటున్నారు. కానీ అతనికి ఒక్కతే పాప, ఒక్క బిడ్డ ఉన్నవాణ్ని తీసుకోరు. ఫారం నింపింది ఈయనే. పిల్లలు ఎంతమంది అన్న చోట "ముగ్గురు" అని రాశారు. చదవడం రాని మనిషి వేలిముద్ర వేశాడు.

మర్నాడు అతను ఇంటికొచ్చి, ఆపరేషన్‌కి ఇచ్చిన డాల్డా డబ్బా తెచ్చి ఈ ఉత్తరం రాసినావిడ అమ్మగారి చేతిలో పెట్టాడు. మీ దయ వల్ల జాగా వస్తోందన్నాడు. రెండు నెలలు తిరక్కుండా ఆ కొత్త కాలనీలో విరేచనాలు పట్టుకుని పాప చనిపోయింది. కొన్నాళ్లకి మళ్లీ బండి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎవరినీ ఏమీ అనలేదు. ఒక్కసారి మాత్రం ఈయన్ని ఆపి, "బాబూజీ, దాన్ని మళ్లీ విప్పించొచ్చా?" అని అడిగాడు. కనుక్కుంటానన్నారు. కనుక్కోలేదు. ఆ రోజు నుంచి వెనక సందులోంచి ఆఫీసుకి వెళ్లడం మొదలుపెట్టారు.

1977లో, ఎమర్జెన్సీ అన్యాయాల మీద వేసిన షా కమిషన్ ఢిల్లీ పాటియాలా హౌస్‌లో విచారణ జరుపుతున్నప్పుడు, అర్జీ రాసుకుని గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశారట. తర్వాత హైదరాబాద్ బదిలీ.

ఇప్పుడాయన రెండు కోరుతున్నారు. ఇదంతా రాసి మనవడితో చదివించాలి, ఒకసారి ఢిల్లీ వెళ్లి ఆ మనిషిని వెతకాలి. డైరీలో అతని పేరూ, కాలనీ బ్లాకు నంబరూ ఉన్నాయి. అమ్మగారు మాట్లాడడం మానేశారు, "ఇన్నేళ్లు తిన్న అన్నాన్ని విషం చేస్తారా" అన్నది ఆఖరి మాట. బెంగళూరులో ఉన్న తమ్ముడు, ఇది వయసు తెచ్చిన చాదస్తం, డాక్టరుకి చూపించండి, నేను వచ్చి ఆ పాత కాగితాలన్నీ తీసేస్తాను అంటున్నాడు. ఇంట్లో ఒక నిశ్చితార్థం కూడా ఉంది.

ఆవిడ ప్రశ్న: "నాకు నాన్న మీద జాలి రావడం లేదు, కోపం వస్తోంది. నా చిన్నతనాన్ని లాగేసుకున్నట్టుంది. ఇది తెలియకపోతే ఎవరికి నష్టం? 80 ఏళ్ల మనిషి ప్రశాంతంగా పోకూడదా? ఆ డబ్బా ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. చింతపండు పోసుకుంటున్నాం. నేనేం చేయాలి?"

*

అమ్మా, ముందు మీ కోపం దగ్గరికి వస్తాను. మీరు ఆ మాట రాసి, కొట్టేసి, మళ్లీ రాశారు. రాయడమే మంచిదైంది.

మీ చిన్నతనం అబద్ధం కాదు. బస్సు టైముకి వచ్చింది నిజం, రోడ్డు శుభ్రంగా ఉన్నది నిజం, నాన్న ఆరింటికి ఇల్లు చేరింది నిజం. నేను అప్పుడు ఆరో తరగతి. మా బళ్లో ఎమర్జెన్సీలో ప్రభుత్వం ప్రకటించిన ఇరవై సూత్రాల పథకం బట్టీ పట్టించారు, తప్పు లేకుండా అప్పజెప్పినవాళ్లకి పెన్సిల్ ఇచ్చేవారు. విద్యార్థులకి నోటు పుస్తకాలు సరసమైన ధరకి ఇస్తారని అందులో ఒక సూత్రం ఉండేది, అది నాకు తెగ నచ్చింది. వెట్టిచాకిరీ రద్దు కూడా అందులోదే, దానికి 1976లో చట్టం వచ్చింది, అది మంచి చట్టం. ఆ ఏడాదే మా వీధి చివర ఉండే లెక్కల మాస్టారు కొన్ని నెలలు కనిపించలేదు. ఊరెళ్లారని చెప్పారు, సరే అనుకున్నాం. ఆయన జైల్లో ఉన్నారని నాకు తెలిసింది కాలేజీకి వచ్చాక. అప్పుడు నాకూ మీకొచ్చినట్టే కోపం వచ్చింది, విచిత్రంగా ఆ మాస్టారి మీదే వచ్చింది, నా పెన్సిల్ పాడు చేసినట్టు. కాబట్టి మీ కోపం చూసి నేను భయపడడం లేదు, మీరూ భయపడకండి. కాకపోతే అది ఎక్కడి నుంచి వస్తోందో చూసుకోవాలి.

మీ వీధికి మీ పక్క వీధి సంగతి తెలియకుండా ఉండడం, ఆ రోజుల్లో దానంతటదే జరిగింది కాదు. 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో పత్రికాఫీసులున్న రోడ్డుకి కరెంటు తీసేశారు. ఆ తర్వాత సెన్సార్ చూడనిదే వార్త అచ్చు కాలేదు. ఎమర్జెన్సీ కాలంలో ఢిల్లీలో కూల్చిన కట్టడాలు లక్షన్నర దాకా ఉన్నాయని తర్వాత షా కమిషన్ లెక్క తేల్చింది. అక్కడి మనుషుల్ని లారీల్లో ఎక్కించి త్రిలోక్‌పురి, మంగోల్‌పురి, నంద్ నగరి లాంటి కాలనీల్లో దింపారు. 1976 ఏప్రిల్‌లో కొత్త జనాభా విధానం వచ్చింది, దాంతో ఆఫీసుల్లో ఎవరు ఎంతమందిని ఆపరేషన్‌కి తేవాలన్న లెక్కలు ఊపందుకున్నాయి. అంతకుముందు ఏడాది దేశంలో 26 లక్షల ఆపరేషన్లు జరిగితే 1976-77లో 80 లక్షలు దాటాయి. అదే 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, అన్యాయంగా పట్టుకెళ్లి జైల్లో పెట్టినా ఎమర్జెన్సీ ఉన్నంత కాలం కోర్టుకి వచ్చి అడిగే హక్కు లేదని చెప్పింది. అయిదుగురు జడ్జీల్లో హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఇవేవీ మీ క్వార్టర్స్ వరండాలోకి రాలేదు. మీ అమ్మగారికి తెలిసిందల్లా కూరగాయల ధర కాస్త తగ్గింది, ఆయన టైముకి ఇల్లు చేరుతున్నారు, ఇస్త్రీ అతను ఇదివరకంత పొద్దున్నే రావడం లేదు. అంతే.

ఆ మూడోది ఎందుకో అడిగి ఉంటే యమున అవతలి సంగతి తెలిసేది. అడగలేదని ఆవిణ్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. మీ అబ్బాయి చెప్పిన "రైళ్లు టైముకి నడిచేవట" కూడా ఒక జ్ఞాపకమే, ఆ రోజుల్లో అచ్చేయనిచ్చిన జ్ఞాపకం, అందుకే అది యాభై ఏళ్లయినా అరిగిపోకుండా ఇరవై రెండేళ్ల కుర్రాడి నోటికి చేరింది. మీ నాన్నగారి దగ్గరున్నది అచ్చవ్వనిది. అది ఒక పాకెట్ డైరీలోనూ, ఒక డబ్బాలోనూ మాత్రమే ఉంది.

తెలియకపోతే ఎవరికి నష్టం అని అడిగారు. ఒకటి చెబుతాను. షా కమిషన్ వేల ఫిర్యాదులు తీసుకుని, వందల మందిని విచారించి, 1978లో మూడు భాగాలుగా నివేదిక ఇచ్చింది. 1980లో ప్రభుత్వం మారాక దాని ప్రతులు కనిపించకుండా పోయాయి. చివరికి తమిళనాడుకి చెందిన మాజీ ఎంపీ ఎరా సెళియన్ తన దగ్గర మిగిలిన ప్రతిని 2010లో మళ్లీ అచ్చు వేయించారు. ముప్పై ఏళ్లు ఒక మనిషి తన పుస్తకాల అరలో దాన్ని ఉంచుకోకపోతే ఈ రోజు మనం వాదించుకోవడానికి కూడా కాగితం సులువుగా దొరికేది కాదు. అంత పెద్ద నివేదికకే ఆ గతి పట్టింది. వేపచెట్టు కింద ఒక మనిషికి ముగ్గురు పిల్లలున్నారని రాసిన ఫారం ఏ అరలో ఉంటుంది? అందులో రాసింది అబద్ధమని తెలిసిన మనిషి మీ నాన్నగారు. ఇప్పుడు మీకూ తెలిసింది. నష్టం ఎవరికని అడిగారు కదా, ఆ రికార్డులో ఇప్పటికీ ముగ్గురు పిల్లల తండ్రిగా ఉన్న ఆ మనిషికి.

ఇక మీ నాన్నగారు. మీ ఉత్తరంలో ఆయన్ని ఒక పేజీలో పాపం అన్నారు, ఇంకో పేజీలో దగా చేశారన్నారు. రెండూ నిజమే అయినప్పుడు ఏదో ఒకటి ఎంచుకోవాలని తొందరపడకండి. ఆయన మీద ఒత్తిడి ఉంది, ఉద్యోగం పోతే పరాయి ఊళ్లో అయిదేళ్ల పిల్లతో ఏం చేస్తారు, అదంతా సరే. కానీ "ముగ్గురు" అన్న మాట సూపరింటెండెంట్ రాయలేదు, మీ నాన్నగారి చెయ్యి రాసింది. ఆ తేడా ఆయనకి బాగా తెలుసు, అందుకే యాభై ఏళ్లు ఆ డైరీ పారేయలేదు. కాబట్టి "అప్పట్లో అందరూ అలాగే చేశారు నాన్నా, ఊరుకో" అనకండి. ఓదార్పుగానే అంటారు, కానీ ఆయనకి అది నోరు మూసుకోమన్నట్టే వినబడుతుంది. ఆఫీసులో ఆ రోజు ఆయనకి చెప్పింది కూడా అచ్చం ఆ మాటే అయ్యుంటుంది. అలాగని కోర్టులో నిలబెట్టి ప్రశ్నలు కూడా వేయకండి. వినండి. మధ్యలో ఆగిపోతే ఆగిపోనివ్వండి. ఆ పాప పేరు గుర్తుందా అని మాత్రం ఒకసారి అడగండి. మీ ఉత్తరంలో ఆ పేరు ఎక్కడా లేదు, మీకు తెలియదేమో, ఆయన చెప్పలేకపోయారేమో.

ఇప్పుడు కాస్త కష్టమైన సంగతి. మీరు గమనించలేదనుకుంటాను, లేదా గమనించీ రాయలేకపోయారేమో. ఏడో పేజీలో, ఇంటి లోను గురించి చెబుతూ, తమ్ముడు 1978లో పుట్టాడని రాశారు. ఇస్త్రీ అతని పాప పోయిన రెండేళ్లకి మీ ఇంట్లో రెండో బిడ్డ పుట్టాడు. "మళ్లీ విప్పించొచ్చా" అని అడిగిన మనిషికి జవాబు చెప్పకుండా వచ్చేసిన ఆయన, ఇక్కడ ఉయ్యాల కట్టారు. మీ నాన్నగారు ఈ లెక్క మీకు ఎప్పటికీ చెప్పరు, ఎందుకంటే చెబితే అది మీ తమ్ముడి పుట్టుక మీద మచ్చలా పడుతుందని ఆయన భయం. మీ అమ్మగారికి ఈ లెక్క ఎప్పుడో తెలుసునని నా అనుమానం. ఆవిడ అన్న "తిన్న అన్నం" డబ్బాలోని డాల్డా ఒక్కటే కాదేమో. డబ్బా అందుకున్నది ఆవిడ చేతులే కదా. బిడ్డని పోగొట్టుకున్న వార్త విన్నాక దాన్ని పారేయలేదు, ఎవరికీ ఇవ్వలేదు, ఢిల్లీ నుంచి సామాన్లలో కట్టి తెచ్చుకుంది, యాభై ఏళ్లు కళ్లెదురుగా పెట్టుకుంది. మర్చిపోవాలనుకునేవాళ్లు అలా చేయరమ్మా. ఆవిడ తన పద్ధతిలో గుర్తుంచుకుంటోంది. అందుకని ఆవిణ్ని అడ్డంగా ఉన్న మనిషిగా చూడకండి. ఆవిడ దగ్గరికి నాన్నగారి తరఫున రాయబారానికి వెళ్లకుండా, "ఆ రోజు అతను డబ్బా ఇచ్చినప్పుడు నువ్వేమన్నావమ్మా?" అని ఆవిడ కథ ఆవిణ్ని చెప్పనివ్వండి. తిట్టినా తిట్టొచ్చు. వారం ఆగి మళ్లీ అడగండి.

తమ్ముడికి ఈ లెక్క మీరు చెప్పకండి. అది ఆయన తండ్రి చెప్పాల్సిన మాట, లేదా తనంతట తానే తెలుసుకోవాల్సినది. అతను డైరీ తీసేస్తానంటున్నది మొరటుతనం అని మీకు అనిపిస్తోంది గానీ, లోపల ఎక్కడో అతనికి కూడా ఏదో తగిలి ఉంటుంది.

డాక్టరు విషయంలో తమ్ముడి మాట పూర్తిగా కొట్టేయకండి. నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం ఈ వయసులో తేలిగ్గా తీసుకోకూడదు, డిప్రెషన్ ఉండొచ్చు, పెద్దవాళ్లని చూసే డాక్టరుకి చూపించండి. జబ్బుంటే జబ్బుకి మందు. కానీ ఆయన చెబుతున్న విషయం జబ్బు కాదు, దాన్ని డాక్టరు దగ్గర "పాత విషయాలు మర్చిపోయేలా చేయండి" అని మాత్రం పెట్టకండి.

మీ ముందున్న దారులు చూద్దాం.

డైరీ తమ్ముడికి అప్పజెప్పేసి ఊరుకోవచ్చు. నిశ్చితార్థం గొడవ లేకుండా జరుగుతుంది. అమ్మగారు రెండు మూడు నెలల్లో మామూలుగా మాట్లాడతారు. నాన్నగారు మళ్లీ నోరెత్తరు, ఆ విషయంలో ఆయనకి యాభై ఏళ్ల అలవాటుంది. మీ అబ్బాయి ఆ మాటనే ఇంకో పదిచోట్ల అంటాడు, తాతయ్య కూడా కాదనలేదు అని కలుపుతాడు. మీరు మాత్రం చింతపండు తీసిన ప్రతిసారీ గుర్తు చేసుకుంటారు, ఈసారి ఒంటరిగా. ఇంటి శాంతి కోసం ఇదే ఎంచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లని నేను తప్పుపట్టను, కానీ దీనికి ఖర్చు లేదని మాత్రం అనుకోకండి.

రాయనివ్వొచ్చు. నాకు ఇది అన్నిటికన్నా ముందు జరగాల్సినది అనిపిస్తోంది, మిగతావన్నీ జరిగినా జరగకపోయినా. చెయ్యి వణికితే ఫోన్‌లో రికార్డు చేయండి. నెల్లూరు కవి పఠాభి భార్య స్నేహలతారెడ్డిని 1976లో బెంగళూరు జైల్లో పెట్టారు. ఆస్తమా మనిషి. 1977 జనవరిలో పెరోల్ మీద బయటికొచ్చిన కొద్ది రోజులకే చనిపోయారు. లోపల ఉండగా ఆవిడ రాసుకున్న డైరీ తర్వాత అచ్చయింది కాబట్టి ఆ గోడల వెనక ఏం జరిగిందో ఆవిడ మాటల్లోనే మనకి తెలుసు. బాధపడినవాళ్లు రాసినవి కొన్నయినా ఉన్నాయి. ఆ ఫారాలు నింపినవాళ్లు "నేనే నింపాను" అని రాసినవి బాగా తక్కువ. మీ నాన్నగారిది అలాంటిది. అందుకే ఆయన దాన్ని అందంగా రాయక్కర్లేదు. తేదీ, ఆఫీసులో ఏమన్నారు, ఫారంలో ఎన్ని గళ్లున్నాయి, దేనిలో ఏం రాశారు, అంత చాలు. తన తప్పు తగ్గించి రాస్తున్నారని మీకు అనిపించినా దిద్దకండి, చదివి మళ్లీ ఆయన చేతికే ఇవ్వండి. ఇందులో ప్రమాదం ఒకటుంది: రాయడం మొదలుపెట్టాక మొదటి కొన్ని వారాలు ఆయన పరిస్థితి ఇంకా దిగజారొచ్చు. పక్కన మనిషి ఉండాలి.

మనవడితో చదివించడం. వాడికి బుద్ధి చెప్పడానికి దీన్ని వాడకండి. "చూశావా, నీ మాట వల్ల తాతయ్య ఎలా అయిపోయాడో" అని మొదలుపెడితే వాడు తలుపేసుకుంటాడు, లేకపోతే తాతని అసహ్యించుకుంటాడు. వాడి మాటలో ఒక నిజమైన బాధ కూడా ఉంది, లంచం లేకుండా పని జరగాలని, టైముకి బస్సు రావాలని కోరుకోవడం తప్పేమీ కాదు. తాతగారే చెప్పనీండి, వాళ్లిద్దరే ఉన్నప్పుడు. వాడు వాదిస్తే వాదించనివ్వండి. "అది ఆ ఒక్క ఆఫీసులో జరిగింది" అంటే, ఆ లెక్కలన్నీ షా కమిషన్ నివేదికలో ఉన్నాయి, వాడి తరం వాళ్లకి వెతకడం మనకన్నా బాగా వచ్చు, వెతుక్కోమనండి. వీటన్నిటి వల్ల ఏమొరిగిందని అడిగితే 44వ రాజ్యాంగ సవరణ చదవమనండి. 1978లో, ఎమర్జెన్సీ పెట్టడానికి కారణంగా ఉన్న "అంతర్గత కల్లోలం" అన్న మాట తీసేసి "సాయుధ తిరుగుబాటు" అని పెట్టారు, ప్రాణానికీ స్వేచ్ఛకీ హామీ ఇచ్చే 21వ అధికరణాన్ని ఎమర్జెన్సీలో కూడా పక్కన పెట్టకుండా కట్టడి చేశారు. జనానికి అనుభవం పచ్చిగా గుర్తున్నప్పుడు చేసిన పని అది. ఇంకా పదేళ్లు ఆగితే చేసేవాళ్లో లేదో నాకు నమ్మకం లేదు. ఖన్నా ఒక్కరే కాదన్న ఆ తీర్పుని తప్పని ఒప్పుకోవడానికి సుప్రీంకోర్టుకి 2017 దాకా, 41 ఏళ్లు పట్టింది. మీ నాన్నగారికి యాభై పట్టింది. ఈ మాట ఆయనకి కూడా చెప్పండి, ఆలస్యమైందని సిగ్గుపడుతున్నట్టున్నారు.

ఢిల్లీ. ఇక్కడ నేను మిమ్మల్ని కాస్త ఆపుతాను.

నాన్నగారు ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో ఆయన్నే అడగండి. కాళ్లు పట్టుకుని ఏడవాలనుంది అంటే, అది ఆయన బరువు దిగడానికి చేసే ప్రయాణం, ఆ మనిషికి అందులో మిగిలేది ఇంకో పని: ఇంటికొచ్చిన ముసలాయన్ని ఓదార్చడం. యాభై ఏళ్ల కింద డబ్బా తెచ్చి ఇచ్చినట్టే ఇప్పుడు క్షమాపణ కూడా తెచ్చి ఇవ్వాలి. అలా కాదు, అతను అడగదల్చుకున్నది అడగనీ, తిట్టదల్చుకుంటే తిట్టనీ, ఫారంలో నేనేం రాశానో అతనికి తెలియాలి, అది తెలుసుకునే హక్కు అతనికుంది అంటే, అది వేరే ప్రయాణం. రెండూ కలిసే ఉంటాయి, నాకు తెలుసు. ఏది ముందో చూడమంటున్నాను.

వెళ్లాలనే అనుకుంటే ముందు మీరో మీ అబ్బాయో వెళ్లండి, ఆయన వద్దు. ఆ 25 గజాల ఇళ్లు ఎన్నో చేతులు మారి ఉంటాయి. ఆ కాలనీల్లో కొన్ని 1984 నవంబరు సిక్కుల ఊచకోతను కూడా చూశాయి, త్రిలోక్‌పురి సంగతి మీరూ విని ఉంటారు. అతను ఉండొచ్చు, పోయి ఉండొచ్చు, ఎవరినైనా పెంచుకుని ఉండొచ్చు. ఆపరేషన్ సంగతి పెళ్లానికి కూడా చెప్పకుండా బతికి ఉండొచ్చు, ఆవిడ ఇన్నేళ్లూ లోపం తనదే అనుకుని ఉండొచ్చు. అందుకని వాకిట్లో నిలబడి, ఇరుగుపొరుగు వింటుండగా ఆ మాట ఎత్తకూడదు. "ఆర్.కె.పురంలో మీ దగ్గర బట్టలు ఇస్త్రీ చేయించుకున్న మద్రాసీ బాబు కూతుర్ని" అని చెప్పండి, అప్పట్లో మనల్నందర్నీ అక్కడ అలాగే అనేవాళ్లు కదా. కలవడం ఇష్టమా అని అడగండి. వద్దంటే అక్కడితో ఆపి తిరిగొచ్చేయండి, నాన్నగారు ఎంత బతిమాలినా రెండోసారి వెళ్లకండి. డబ్బు తీసుకెళ్లాలా అని రాశారు. మొదటిసారి వద్దు. జాగా కాగితం ఆశతో ఒకసారి అతన్ని ఒప్పించారు, మళ్లీ ఏదో ఆశ చూపిస్తున్నట్టు వెళ్లకూడదు. తర్వాత అతనికేదైనా అవసరం ఉందని తెలిసి, అతను తీసుకోవడానికి ఇష్టపడితే అప్పుడు ఆలోచించండి. కలుస్తానంటే అప్పుడు నాన్నగారిని తీసుకెళ్లండి, చలికాలం పొగలో మాత్రం వద్దు, మార్చి దాకా ఆగండి.

దొరక్కపోతే? అందుకు ఎక్కువ అవకాశం ఉంది. అప్పుడు రాసిన కాగితం ఒక్కటే మిగులుతుంది, అందుకే రాయడం ముందు అన్నాను.

కేసులవుతాయని తమ్ముడు భయపెడుతున్నారన్నారు. తెలిసిన లాయర్‌ని ఒక మాట అడగండి, ఆ భయం ఎంతవరకు నిజమో తేలిపోతుంది. తేలకుండా గాలిలో ఉంచితే ప్రతి మాటకీ అదే అడ్డం వస్తుంది.

నిశ్చితార్థం అయ్యేదాకా ఆగమని అమ్మగారు కోరితే ఆగండి, అందులో తప్పేమీ లేదు, నాన్నగారికి కూడా ముందే తేదీ చెప్పి ఆగమనండి. "తర్వాత చూద్దాం" అనకండి, ఆయన ఆ మాట ఇంకొకరికి చెప్పిన మనిషి. ఫలానా నెల ఫలానా ఆదివారం అని చెప్పండి.

డబ్బా గురించి కూడా అడిగారు, అందులో చింతపండు ఉంచొచ్చా అని. అది మీ అమ్మగారి డబ్బా. ఆవిణ్ని అడక్కుండా ఖాళీ చేయకండి, అటక మీదికి ఎక్కించకండి.

తమ్ముడు వచ్చే లోపు ఒక పని మాత్రం తప్పకుండా చేయండి. నాన్నగారిని అడిగి, డైరీ తీసుకుని, పేజీ పేజీకి ఫోటో తీయండి. పెన్సిల్‌తో రాసినవి వెలిసిపోయి ఉంటాయి, పగటి వెలుతురులో కిటికీ దగ్గర పెట్టి తీస్తే బాగా పడతాయి. ఒక కాపీ మీ అబ్బాయి ఫోన్‌లో కూడా ఉంచండి.